బోర్డులు రాసేవాడి ఓనమాలు

నిజామాబాదు పెద్ద బజారులో నేను తెలుగులో రాసిన మొదటి బోర్డు రెండు రోజులే ఉంది. ఆ రెండు రోజుల్లో దాన్ని చూసి నవ్వనివాడు లేడు. ఇప్పుడు ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆ తర్వాత ఈ ఊళ్ళో నేను రాసిన బోర్డులన్నీ ఆ నవ్వులోంచే వచ్చాయి.

అది 1956 చలికాలం. హైదరాబాదు రాష్ట్రం పోయి కొత్త రాష్ట్రం ఏర్పడి నెల కూడా కాలేదు. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. మా బాపు ధర్పల్లి దగ్గర పల్లెలో ఎవుసం వదులుకొని టౌనుకు వచ్చి, పసుపు, ధాన్యం అమ్మే గంజ్‌లో హమాలీగా చేరినవాడు. పసుపు బస్తాలు మోసీ మోసీ ఆయన ఎడమ భుజం ఎంత కడిగినా పచ్చగానే ఉండేది. నన్ను మాత్రం బస్తా ముట్టనివ్వలేదు. ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా చదివించి, గాంధీ చౌక్ దగ్గర బోర్డులు రాసే ఒక ఉస్తాద్ చేతిలో పెట్టాడు.

ఉస్తాద్ మామూలు పెయింటర్ కాడు. పెళ్ళి పత్రికలు, మసీదు దర్వాజాల మీద అక్షరాలు, దుకాణాల బోర్డులు అన్నీ రాసేవాడు. అక్షరాన్ని చుక్కలతో కొలవడం నేర్పింది ఆయనే. కుంచెతో ఒక చుక్క పెడితే, ఆ చుక్కలు ఇన్ని పేరిస్తే ఈ అక్షరం ఎత్తు, ఇన్ని పేరిస్తే దాని కడుపు అని లెక్క ఉండేది. ఆ లెక్క ఒక చుక్క తప్పినా రేకు మొత్తం తుడిపించేవాడు. పన్నెండేళ్ళు ఆయన దగ్గర పని చేసి, ఆయన దీవెనతోనే సొంతంగా నిచ్చెన కొనుక్కున్నాను. స్టేషన్ రోడ్డులో, గంజ్‌లో నా చేతి ఉర్దూ బోర్డులు చాలా ఉండేవి.

ఇంట్లో మేము మాట్లాడేది తెలుగే. మా అవ్వ, అంటే అమ్మ, పాడేది తెలుగే. కాని ఆ మాటల్ని కాగితం మీద పెట్టమంటే నాకు ఒక్క అక్షరం రాదు. నాలాంటివాళ్ళు ఆ రోజుల్లో టౌను నిండా ఉన్నారు. నోటికి ఒక భాష, చేతికి ఒక భాష. అందులో వింత ఏమైనా ఉందని నాకెన్నడూ తోచలేదు, పెద్ద బజారు బట్టల సేటు నన్ను పిలిపించేదాకా.

"ఇగ తెలుగు రాజ్యమొచ్చింది. దుకాన్‌కు తెలుగు బోర్డు పెట్టాలె. రాస్తవా?" అన్నాడు సేటు.

"రాస్త" అన్నాను.

రాదని చెప్పి ఉండవచ్చు. కాని నా పక్కనే ఇంకో పెయింటరు నిలబడి ఉన్నాడు. వాడి ముందు చేతకాదనడానికి నోరు రాలేదు. పైగా అక్షరం కూడా ఒక బొమ్మే కదా, చూసి దించితే సరిపోతుందని నా ధైర్యం. సేటు గుమాస్తా ఒక కాగితం మీద మాటలు రాసి ఇచ్చాడు. మూడు వరుసలు. నేను జింకు రేకు మీద సుద్ద దారంతో గీతలు కొట్టి, ఆ మూడు వరుసల్ని ఒక్క వంకర తేడా లేకుండా దించాను. మూడో వరుస కొంచెం చిన్నగా ఉంటే అందంగా ఉంటుందని నా సొంత తెలివితో చిన్నగా రాశాను. రంగు ఆరాక చూసుకుంటే అద్దంలా ఉంది.

పొద్దున్నే బోర్డు కట్టి ఇంకో పనికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం తిరిగి వస్తుంటే దుకాణం ముందు గుంపు ఉంది. బోర్డును మెచ్చుకుంటున్నారనుకున్నాను. బడిపంతులు ఒకాయన తలెత్తి, అందరికీ వినబడేలా చదువుతున్నాడు.

"వస్త్ర భాండారము. పట్టు, నూలు బట్టలు దొరకును. పై వరుస ఎర్రగా, కింది వరుస నల్లగా రాయవలెను."

మూడో వరుస గుమాస్తా నా కోసం రాసిన సూచన. దాన్ని కూడా నేను బోర్డు మీదికి ఎక్కించాను. అది కూడా నీలం రంగులో.

వెంటనే దించేస్తానన్నాను. సేటు సరుకు కోసం నాందేడ్ వెళ్ళాడు, ఆయన వచ్చేదాకా ముట్టవద్దని గుమాస్తా పట్టుబట్టాడు. రెండు రోజులు అది అక్కడే వేలాడింది. కూరగాయల కోసం వచ్చినవాళ్ళు, కోర్టు పనికి వచ్చినవాళ్ళు, సినిమాకు వచ్చినవాళ్ళు అందరూ ఆగి చదివారు. రిక్షావాళ్ళు నన్ను చూస్తే చాలు, "ఏమన్నా, ఎర్రగనా, నల్లగనా?" అని అడిగేవాళ్ళు. ఆ పేరు నాకు చాలా రోజులు అంటుకుంది.

ఆ మొదటి రోజు ఇంటికి వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. మేము అప్పుడు కోటగల్లిలో ఒక గది, ముందు చిన్న వాకిలి ఉన్న ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నా భార్య జొన్న రొట్టె, పప్పు పెట్టింది. నేను ముట్టలేదు. ఏమైందని ఆమె అడగలేదు. నా ఎదుట కూర్చొని అంది.

"పొద్దుగాల నేను గటే పోయిన. సూసిన బోర్డు."

"సూస్తే నీకేం సమజైతది?"

"సదివిన."

నేను తలెత్తాను. "సదివినవా? నీకు సదువొస్తదా?"

"వస్తది."

మాకు పెళ్ళయి నాలుగేళ్ళు. ఆమెది వేల్పూర్ దగ్గర ఊరు, పసుపు పండించే ఇల్లు. పసుపు కొమ్ముల్ని ఉడకబెట్టడం, ఆరబెట్టడం, రుద్దడం ఆమెకు బాగా వచ్చని మా అవ్వ పెళ్ళికి ముందే కనుక్కొని వచ్చింది. చదువు వచ్చా అని మాలో ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో తెలుగు బడి లేదు. ఆమె మేనమామ ఎక్కడో తెలుగు నేర్చుకొని వచ్చి, ఎడ్ల కొట్టంలో నలుగురు మగపిల్లలకు ఇసుకలో దిద్దించేవాడట. ఈమె బయట పసుపు ఆరబోస్తూ దర్వాజాలోంచి చూసి చూసి, ఒకరోజు పసుపు మీదనే వేలితో రాసిందట. మేనమామ చూసి లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. మూడేళ్ళు చదివింది. తర్వాత పెళ్ళి, టౌను, మా ఇల్లు.

"నాల్గేండ్ల సంది ఒక్క మాట చెప్పకపోతివి" అన్నాను. నా గొంతులో కోపం ఉంది. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

"నువ్వు అడగకపోతివి. అడగంది చెప్తే గొప్పలు పోతుందనుకుంటవని ఊకున్న" అంది ఆమె. తర్వాత రొట్టె నా ముందుకు జరిపి, "బోర్డు మంచిగుంది. అచ్చరాలు గుండ్రంగ, ముద్దుగ ఉన్నయి. నీ చెయ్యికి అన్నొచ్చు. ఏం రాస్తున్నవో తెలిస్తే సాలు. తిను" అంది.

మూడో రోజు సేటు వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన బోర్డు ముందు నిలబడి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "రెండు దినాలల్ల నా దుకాన్ ఊరందరికి ఎరుకైంది" అన్నాడు. ఆ నవ్వు నాకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. బోర్డు దించి, నెత్తిన పెట్టుకొని, సందుల వెంట ఇంటికి తెచ్చాను. నెల రోజులు గడువు అడిగాను. సేటు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, ముగ్గు వేయవలసిన చోట నా భార్య ముగ్గుపిండితో అ, ఆ రాసింది. నా చేతికి బొగ్గు ఇచ్చి, పక్కనే దిద్దమంది. నేను కుడివైపు నుంచి మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే కుడికి పోయేది. ఆమె నా మణికట్టు పట్టుకొని ఎడమకు తెచ్చి పెట్టేది. ఉర్దూలో కొన్ని చిన్న స్వరాలు రాయనక్కరలేదు, చదివేవాడే పూడ్చుకుంటాడు. ఆ లెక్కనే నేను తెలుగులో కిరాణా అని రాయమంటే కరాణా అని రాసేవాణ్ణి.

"గుడి ఏది?" అనేది ఆమె.

"సదివెటోళ్ళకు తెలుస్తది గదా."

"తెల్వది. తెలుగుల నువ్వు రాసిందే ఉంటది. రాయంది ఉండది."

రోజూ పనికి పోయే ముందు గంటసేపు ఈ పాఠం. గల్లీలో ఇది దాగలేదు. మా ఎదురింట్లో బీడీలు చేసే ఒకామె ఉండేది. మాట పదును. "సూసిండ్రా, మొగడు పెండ్లాం దగ్గర ఓనమాలు దిద్దుతుండు" అని నీళ్ళ నల్లా దగ్గర నలుగురిలో అంది. ఆ మాట విన్న రోజు నేను దర్వాజా మూసి లోపల కూర్చున్నాను. నా భార్య వచ్చి గడియ తీసింది.

"దొంగతనం జేస్తున్నమా?" అంది. "ఎండ వాకిట్ల ఉన్నది. అచ్చరం గాడనే మంచిగ కనపడ్తది. రా."

నేను బయటికి వెళ్ళి అందరూ చూస్తుండగా దిద్దాను. ఇంతకాలం తర్వాత కూడా, నిచ్చెన మీద ఎంత ఎత్తుకెక్కినా రాని గర్వం ఆ వాకిట్లో గొంతుక్కూర్చున్న రోజు తలుచుకుంటే వస్తుంది.

ఒత్తులు వచ్చేసరికి చిక్కు పడ్డాను. అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతుంటే, దానికెంత చోటివ్వాలో తెలియదు. చదవడం వచ్చింది కాని, పెద్దగా రాస్తే బోర్డు మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. దాని గురించి నా భార్యకు తెలియదు. ఆమె ఇసుకలో వేలితో రాసిన మనిషి. తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఉస్తాద్. కాని ఆయన దగ్గరికి ఏ మొహంతో పోవాలి? ఊళ్ళో ఉర్దూ బోర్డులు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఆయన చేతి పని దిగుతున్న చోటే నా పని ఎక్కబోతోంది.

నాలుగైదు రోజులు ఆయన దుకాణం ముందునుంచి పోవడమే మానేశాను. ఆయనే ఒక శుక్రవారం, నమాజు అయ్యాక, కర్ర పొడుచుకుంటూ కోటగల్లికి వచ్చాడు. వాకిట్లో రాసి ఉన్న అక్షరాల్ని తొక్కకుండా గోడ పక్కనుంచి నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బేటా, ముల్క్ మారింది, రాజ్యం మారింది. బోర్డు మారదా? మారుతది. గదాన్కి నా దిక్కు రాకుండ తిరుగుతవా?" అన్నాడు. "ఏదీ, చూపించు."

నేను స్త్ర అనే అక్షరం రాసి చూపించాను. ఆయన వంగి చూశాడు.

"ఇది ఒక హర్ఫా, మూడా?"

"మూడు అక్షరాలు, ఉస్తాద్. ఒకదాని కింద ఒకటి."

"అట్లయితే పైనోనికి కడుపు తగ్గించు. కిందోనికి కాళ్ళు చాపనియ్యి. ఇంట్ల ముగ్గురుంటే చద్దరు అందరికి రావాలె గదా" అన్నాడు.

అక్కడే కూర్చొని, ఒక్క తెలుగు అక్షరం రాని ఆ మనిషి, నా చేత అ నుంచి క్ష దాకా చుక్కలు పెట్టించాడు. గుండ్రానికి ఇన్ని చుక్కలు, తలకట్టుకు ఇన్ని, ఒత్తుకు ఇన్ని. నా భార్య ప్రతి అక్షరం పేరు పలికేది. ఆయన దాన్ని తిరిగి పలికి, దాని ఆకారం గాలిలో వేలితో గీసేవాడు. చాయ్ రెండుసార్లు చల్లారింది. వెళ్ళేటప్పుడు నా భార్యతో, "బేటీ, వీనికి నేను చెయ్యి నేర్పిన. నువ్వు కన్ను నేర్పినవ్" అన్నాడు.

గడువు నిండకముందే సేటు బోర్డు మళ్ళీ రాసి తీసుకెళ్ళాను. ఆయన చదివి, నా వైపు తిరిగి, "గిది సూసి రాసినవా, సదివి రాసినవా?" అని అడిగాడు.

"సదివి రాసిన."

పని పెరిగింది. హోటళ్ళు, దవాఖానాలు, దర్జీలు, వకీళ్ళు, లారీలు. ఒక్కో బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ రాసేవాణ్ణి. ఇంగ్లీషు చూసి దించడమే. ఉర్దూ, తెలుగు మాత్రం నావి. నా తెలుగు అక్షరాల కొసలు కొంచెం సాగి పైకి లేచేవి, అది ఉస్తాద్ చెయ్యి. కొందరు దాన్ని వంక అన్నారు. కొందరు అట్లాగే కావాలని వచ్చారు. అట్లా వచ్చినవాళ్ళే ఎక్కువ.

రంగు తుది పూత వేయకముందు ప్రతి బోర్డునూ నా భార్య చూడాలని నియమం పెట్టుకున్నాను. మొదట్లో బోర్డును ఇంటికి తెచ్చేవాణ్ణి. గోడల మీద రాయడం మొదలయ్యాక అది కుదరలేదు. ఆమే రావలసి వచ్చింది. నెత్తిన కొంగు కప్పుకొని, చేతిలో కూరగాయల సంచితో, గంజ్ ముందు నిలబడి తలెత్తి పైకే చదివేది. నిచ్చెన మీద నేను, కింద ఆమె. మొదట్లో జనం వింతగా చూశారు. హమాలీలు బస్తాలు దించి మరీ చూశారు. ఏడాది తిరిగేసరికి దుకాణదార్లు వాళ్ళంతట వాళ్ళే అడిగేవాళ్ళు.

"అక్క సూసిందా?"

"ఇంకా సూడలే."

"అయితే ఆగు, సూసినంకనే తుది రంగు ఎయ్యి."

ఆ అక్క అనే పిలుపును ఊరు ఊరంతా ఆమెకు ఇచ్చింది. బట్టల సేటు కూడా తనకన్నా పదిహేనేళ్ళు చిన్నదైన ఆమెను అక్కా అనే పిలిచేవాడు.

కొన్నేళ్ళకు ఉస్తాద్ చెయ్యి వణకడం మొదలైంది. ఒకరోజు కబురు పంపాడు. ఆయన దుకాణం మీద ఆయన పడుచుతనంలో రాసుకున్న ఉర్దూ బోర్డు ఉంది. అంత అందమైన రాత నేను ఇంకోటి చూడలేదు. దాని కింద చోటు చూపించి, "ఈడ తెలుగుల రాయి" అన్నాడు.

"మీ రాత కింద నేనా, ఉస్తాద్?"

"వచ్చేటోళ్ళు సగం మంది పైది చదవలేరు. కిందిది చూసి లోపటికొస్తరు. లోపటికొచ్చినంక పైదాన్ని నేను చదివి చెప్త" అన్నాడు.

ఆ ఒక్క వరుసకు నాకు మూడు రోజులు పట్టింది. మామూలుగా ఒక పూట పని. ఆయన కుర్చీ వేసుకొని రోడ్డు మీదే కూర్చొని చూశాడు. అయిపోయాక లేచి, ఒక్కో అక్షరం మీద దూరం నుంచి వేలు పోనిచ్చి చుక్కలు లెక్కపెట్టుకున్నాడు. తుడిపెయ్యి అనలేదు. పన్నెండేళ్ళు ఆయన దగ్గర ఉన్నవాడికి దానికన్నా పెద్ద మెప్పు అక్కర్లేదు.

అరవైల మధ్యలో బోధన్ నుంచి పిలుపు వచ్చింది. చెరుకు రైతుల సంఘం ఒకటి, అక్కడి చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే బండ్లు ఆగే మైదానంలో బోర్డులు పెట్టించాలనుకుంది. చెరుకు కాలంలో బోధన్ చూడాలి. నిజామాబాదు నుంచి రైల్లో పోతుంటే ఊరింకా రాకముందే చక్కెర మడ్డి వాసన డబ్బాలోకి వచ్చేది, బెల్లం మాడి పులిసినట్టు. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు, ఒకదాని వెనుక ఒకటి. రైతులు బండ్ల కిందనే వండుకొని, బండ్ల కిందనే పడుకొని వంతు కోసం కాచుకునేవాళ్ళు. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఆ దుమ్ములో కలిసి వినబడేవి.

ఇరవైకి పైగా బోర్డులు అక్కడే రాయాలి కాబట్టి నా భార్య కూడా రొట్టెలు మూటగట్టుకొని నాతో వచ్చింది. సంఘం కార్యదర్శి మర్యాదస్తుడు, పుస్తకాలు బాగా చదివినవాడు. ఏమేం రాయాలో చక్కని దస్తూరీలో రాసిపెట్టుకున్నాడు. నేను రేకులు పరుస్తుంటే నా భార్య ఆ కాగితం తీసుకొని చదివింది. చదివి, కొంగు సర్దుకొని, కార్యదర్శిని అడిగింది.

"సారూ, వృషభములంటే ఎడ్లేనా?"

"అవునమ్మా."

"శకటములంటే బండ్లా?"

"అవును. ఏం?"

"మరి బండ్లు అనే రాస్తే ఏమైతది?"

కాగితంలో ఇట్లా ఉంది: వృషభములకు జలము ఇచ్చట లభించును. శకటములను ఇచ్చట నిలుపరాదు.

కార్యదర్శికి కోపం రాలేదు, నవ్వాడు. "బోర్డు మీద మర్యాదైన భాష ఉండాలమ్మా. నలుగురూ చూసేది. ఇంట్లో మాట్లాడినట్టు రాస్తే బాగుంటుందా?"

నేను నిచ్చెన పట్టుకొని నిలబడ్డాను. పని ఇచ్చినవాడితో వాదం ఎందుకని లోపల గుబులుగానే ఉంది. ఆమెను ఆపుదామనుకొని, ఆమె మొహం చూసి ఆపలేదు.

"మర్యాద ఎవలకు సారూ?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మా బాపు గిట్లనే పసుపు బండి తోలుకొని గంజ్‌కు వస్తుండె. గాయినకు జర జర సదువొచ్చు. ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కొని సదివెటోడు. గసొంటోడు గీ బోర్డు ముందల నిలవడి, సదవరాక, తనకే తెలివి లేదనుకొని పక్కకు పోతే, అది మర్యాదనా? బోర్డు రాసేది తెలిసినోళ్ళ కోసం గాదు గదా. నీళ్ళు ఏడున్నయో తెల్వనోళ్ళ కోసం గదా."

కార్యదర్శి కాగితం చేతికి తీసుకొని మళ్ళీ చదువుకున్నాడు. ఆమే మళ్ళీ అంది. "నా మాట వద్దు. ఒకర్ని పిలిచి సదివిద్దాం."

రెండు రేకుల మీద సుద్దతో నేను రాశాను. ఒకదాని మీద కాగితంలో ఉన్నట్టు, రెండో దాని మీద "ఎడ్లకు నీళ్ళు ఇక్కడ" అని. పక్కన బండి కింద కూర్చున్న ఒక రైతును పిలిచాం. యాభై ఏళ్ళుంటాయి. చదువొచ్చా అంటే కొంచెం వచ్చన్నాడు. మొదటి రేకు ముందు కూర్చొని, "వ... వృ..." అని కష్టపడి, నుదురు తుడుచుకొని, "ఇది పెద్ద సదువు సారూ, నాతోని గాదు" అన్నాడు. తలకాయ వంచుకున్నాడు. నా భార్య కార్యదర్శి వైపు చూడలేదు, రైతును రెండో రేకు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఎడ్లకు నీళ్ళు ఇక్కడ" అని చదివాడు. వెంటనే తలెత్తి చుట్టూ చూశాడు. "ఏడ? ఏడున్నయి నీళ్ళు? పొద్దటిసంది నా ఎడ్లు తాగలే."

కార్యదర్శి తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ రైతును తనే తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి చూపించి వచ్చాడు. వచ్చి నా భార్య ఎదురుగా కూర్చొని, "అమ్మా, మిగతావి నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను" అన్నాడు. ఆమె చెప్పింది. బండ్లు ఇటు పోవాలె. బండ్లు ఇక్కడ ఆపవద్దు. ఇక్కడ వంట చేయవద్దు, చెరుకాకు అంటుకుంటది. ఆ ఆఖరుదాంట్లో అంటుకుంటుంది అని రాద్దామా అని కార్యదర్శి అడిగితే, సరే గది మీ ఇష్టం అంది.

రెండు రోజులు అక్కడే ఉండి బోర్డులన్నీ రాశాం. తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చొని పొలాలు చూస్తోంది. నేను ఆమెను చూస్తున్నాను. ఏదో చెప్పాలనిపించింది. మెచ్చుకోవడం నాకు చేతకాదు, ఉస్తాద్ దగ్గర అది నేర్చుకోలేదు.

"నేనైతే గాయనతోని అంత మాట అనకపోదును" అన్నాను.

"నువ్వు నిచ్చెన పట్టుకొని ఉన్నవ్ గదా. పడనని ధైర్యముండె" అంది.

డెబ్భైలు వచ్చేసరికి మా గల్లీలో ఇంటింటా బీడీలు చేస్తున్నారు. ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకొని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి రోజంతా కూర్చునేవాళ్ళు. బీడీ కార్ఖానావాళ్ళు వాళ్ళ పని లెక్కను చిట్టీల మీద రాసి ఇచ్చేవాళ్ళు. ఆ చిట్టీలో ఏముందో వాళ్ళకు తెలియదు. ఒకరోజు ఎదురింటామె, అప్పుడు నల్లా దగ్గర మమ్మల్ని చూసి నవ్వినామె, చిట్టీ పట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది. నా భార్య చదివి చెప్పింది. ఆమె వెళ్ళకుండా నిలబడి, "అక్కా, గిది సదవడం ఎన్ని దినాలల్ల వస్తది?" అని అడిగింది.

"మీ అన్నకు నెల పట్టింది. ఆయన మొద్దు. నీకు ఇంక జల్దీ వస్తది" అంది నా భార్య.

మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. అయితే ఒక చిక్కు ఉంది. వాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు. పలక పట్టుకుంటే బీడీలు ఆగుతాయి, బీడీలు ఆగితే ఇల్లు నడవదు. ఏం చేద్దామని రెండు రోజులు ఆలోచించి, నా భార్య మా ఇంటి ముందు గోడ చూపించింది. అప్పటికి ఆ ఇల్లు మేమే కొనుక్కున్నాం.

"మొత్తం రాయి. గల్లీ అవుతలి దిక్కు అరుగు మీద కూసున్నా కనపడాలె. చేతులు బీడీ సుడ్తయి, కండ్లు సదువుతయి" అంది.

నేను గోడకు తెల్ల సున్నం వేసి, నాలుగు రోజులు ఇంకే పనీ ఒప్పుకోకుండా, అచ్చులు, హల్లులు, గుణింతం అన్నీ రాశాను. జానెడెత్తు అక్షరాలు, నల్ల రంగు. మధ్యాహ్నం ఎండ వాలాక గల్లీ రెండు పక్కల అరుగుల మీద ఆడవాళ్ళు చేటలు పెట్టుకొని కూర్చునేవాళ్ళు. నా భార్య పొడుగాటి పుల్లతో అక్షరం చూపించేది. పది గొంతులు పలికేవి, పది జతల చేతులు దారం చుట్టేవి. ఆ దారిన పోయే రిక్షావాళ్ళు కూడా బెల్లు కొట్టకుండా మెల్లగా పోయేవాళ్ళు.

అధికారులు ఎవరో విని చూడడానికి వచ్చారు. వయోజనుల బడి పెడతామని, దానికి పంతులమ్మగా ఈమె పేరు రాసుకుంటామని చెప్పారు. ఒకాయన కాగితం తీసి, "మీరు ఎంతవరకు చదువుకున్నారు?" అని అడిగాడు. నా భార్య నా వైపు చూసింది. ఆమెకు సర్టిఫికెట్ ఏదీ లేదు. చదివింది ఎడ్ల కొట్టంలో.

నేను నోరు తెరిచేలోపే ఎదురింటామె, చేతిలో బీడీ ఆపకుండానే చెప్పింది. "ఈ టౌన్ల ఎన్ని బోర్డులున్నయో అన్ని సదివింది సారూ. రాసుకోండ్రి."

ఆయన నవ్వి, నిజంగానే ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో మాకు తెలియదు. పలకలు, ఒక దీపం, ఒక నల్లబల్ల వచ్చాయి. నల్లబల్ల లోపల పెట్టుకున్నాం. పాఠం మాత్రం గోడ మీదే నడిచింది.

ప్రతి వానాకాలం ఆ అక్షరాలు కొన్ని కరిగేవి. కింది వరుసలు ముందు పోయేవి, పిల్లలు ఆనుకుంటారు కాబట్టి. దసరాకు ముందు నేను మళ్ళీ సున్నం కొట్టి రాసేవాణ్ణి. ఒక ఏడాది మాత్రం నడుం పట్టేసి నిచ్చెన ఎక్కలేకపోయాను. అరుగు మీద కూర్చొని చూస్తుంటే, ఎదురింటామె చీర కుచ్చిళ్ళు దోపుకొని నా కుంచె తీసుకొని నిచ్చెన ఎక్కింది. నా భార్య నిచ్చెన పట్టుకుంది. ఠ దగ్గర లోపలి చుక్క పెట్టడం మరిచిపోతే కింద ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారే చెప్పారు. ఆమె వెనక్కి తిరిగి, "ఎరికే, ఎరికే" అని, చుక్క పెట్టి, తర్వాతి అక్షరానికి జరిగింది.